సగంలో ఆపిన పాఠం

మా సంఘం నుంచి పాస్టర్‌గారిని పంపించేసిన రోజు చేతులు లెక్కపెట్టింది నేను. అప్పుడు నేను సంఘ సెక్రటరీని. రెండేళ్ళు కావస్తోంది. ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కథ నాకు అనుకూలంగా తిరిగిపోతోంది. అందుకే ఈసారి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్. నేను ఆంధ్రాలో చరిత్రలో ఎం.ఏ. చేశాను. పెళ్ళయి ఇక్కడికొచ్చాక మళ్ళీ చదివి, ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెబుతున్నాను. మధ్యయుగాల యూరప్ నా సబ్జెక్టు. మా బంధువుల్లో ఎవరికీ ఇదొక ఉద్యోగంలా అనిపించదు. క్లాసులో కూర్చునేవాళ్ళు నర్సింగ్‌కి వెళ్ళబోయే పిల్లలు, గోడౌన్లలో పనిచేసి నిద్రకళ్ళతో వచ్చేవాళ్ళు. క్రెడిట్ల కోసం వస్తారు. అయినా సెమిస్టర్ మధ్యలో ఏదో ఒక రోజు వాళ్ళు ఫోన్లు పక్కనపెట్టి వింటారు. ఆ ఒక్క రోజు కోసం ఆ దూరమంతా డ్రైవ్ చేస్తాను.

వాళ్ళు వినేది ఈ సంగతి. రోమ్ పడిపోయాక పడమటి యూరప్‌లో కత్తి ఉన్న ప్రతివాడూ రాజే. వాళ్ళలో నిలదొక్కుకున్నది చర్చిని పక్కన పెట్టుకున్నవాళ్ళు. ఫ్రాంకుల రాజు ఒకడు, క్రైస్తవం తీసుకోమని భార్య ఎంత బతిమాలినా వినలేదు. యుద్ధంలో ఓడిపోయేలా ఉన్నప్పుడు ఆమె దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచాక సైనికులతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. చదువు, రాత బిషప్పుల దగ్గరున్నాయి, భూములు, కత్తి రాజు దగ్గరున్నాయి. ఒకరికొకరు అవసరమయ్యారు. పోనుపోను రాజు తల మీద బిషప్ నూనె పోస్తేనే రాజు అనే స్థితి వచ్చింది. అక్కడ నేను పుస్తకం మూసి అడుగుతాను, నూనె పోసేవాడు పెద్దా, పోయించుకునేవాడు పెద్దా అని. కొన్ని వందల ఏళ్ళు యూరప్ ఆ ప్రశ్న మీదే కొట్టుకుంది.

మా సంఘం ఒక స్కూల్ కెఫెటేరియాలో కూడేది. ఆదివారం పొద్దున్నే మగవాళ్ళు టేబుళ్ళు మడిచి గోడకు చేరవేసి కుర్చీలు వేసేవాళ్ళు. అరవై కుటుంబాలు. ఎక్కువమంది గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్ళు. పాస్టర్‌గారికి నలభై నిండలేదు. గోదావరి జిల్లా నుంచి భార్య, ఇద్దరు పిల్లలతో వచ్చి నాలుగేళ్ళయింది. ఆయన వీసా సంఘం పేరు మీద ఉంది. సంఘం వద్దంటే ఆ వీసా లేదు.

సంఘ పెద్దకి ఒక కన్సల్టెన్సీ ఉంది. ఇండియా నుంచి ఇంజనీర్లను తెప్పించి ఇక్కడి కంపెనీల్లో పెడతాడు. మా సంఘంలో సగంమంది మగవాళ్ళ వీసాలు ఆయన చేతిలోవే. మా ఆయన పదకొండేళ్ళుగా ఆ కంపెనీలోనే ఉన్నాడు. మా గ్రీన్ కార్డు ఫైలు, దాని మీద ఆధారపడిన నా వర్క్ పర్మిట్, అన్నీ అక్కడివే. మా అమ్మాయికి అప్పుడు పంతొమ్మిది. ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే తను మా ఫైల్లోంచి బయటికి పోతుంది, ఇక్కడ ఉండాలంటే వేరే వీసా చూసుకోవాలి.

ఆయన్ని దుర్మార్గుడని రాస్తే నాకు సులువు. కానీ మా అమ్మ పోయినప్పుడు టికెట్ బుక్ చేసి, ఎయిర్‌పోర్టుకి తానే డ్రైవ్ చేసి, నేను గేటు చేరేదాకా ఫోన్‌లో మాట్లాడింది ఆయనే. ఈ సంఘం మొదలైంది ఆయన గరాజ్‌లో, నాలుగు కుటుంబాలతో. తను నాటిన మొక్క అని ఎప్పుడూ అంటుండేవాడు.

ఆ వేసవిలో పాస్టర్‌గారు నన్నొక పని అడిగారు. పిల్లలకి క్రైస్తవం ఎలా పెరిగిందో తెలియదు, నాలుగు శనివారాలు మీరు చెప్పండక్కా అన్నారు. ఆయన ఉండే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మధ్యాహ్నాలు చెప్పాను. పదిహేనుమంది పిల్లలు, వాళ్ళలో మా అమ్మాయి. వెనక కుర్చీలో నోట్‌బుక్‌తో పాస్టర్‌గారు.

మొదటి శనివారం రోమన్ చక్రవర్తి ఒకడి గురించి చెప్పాను. కోపంలో ఒక ఊరి జనాన్ని ఊచకోత కోయించాడు. పశ్చాత్తాపపడేదాకా నీకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం లేవని ఒక బిషప్ అతనికి ఉత్తరం రాశాడు. చక్రవర్తి కిరీటం తీసి అందరి ముందు ఏడ్చాడు. గుమ్మం దగ్గరే ఆపేశాడని తర్వాతివాళ్ళు కథలు కట్టారు, నిజానికి ఆపింది ఉత్తరమే అని చెబితే పిల్లలు నిరుత్సాహపడ్డారు. నాలుగో శనివారం జర్మన్ రాజు కథ. బిషప్పులను నేనే నియమిస్తానన్నాడు. పోప్ అతన్ని వెలివేశాడు. సామంతులు జారిపోతుంటే, చలికాలంలో ఆల్ప్స్ దాటి వెళ్ళి, పోప్ ఉన్న కోట బయట మంచులో మూడు రోజులు చెప్పులు లేకుండా నిలబడ్డాడు. పోప్ క్షమించాడు. అక్కడికి టైమ్ అయిపోయింది. క్లబ్‌హౌస్ ఇంకెవరో బుక్ చేసుకున్నారు. కుర్చీలు సర్దేసి వచ్చేశాం.

ఆగస్టులో మా సంఘంలోనే ఉన్న ఒక ఇంజనీరును పెద్దాయన ఉద్యోగంలోంచి తీసేశాడు. చేయని పని చేసినట్టు రెజ్యూమెలో రాయమంటే ఆ అబ్బాయి రాయనన్నాడు. నెలలోపు అతని వీసా పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. భార్యకి ఏడో నెల. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదా దేశం వదలాలి. ఆ ఏడాది ఎక్కడ చూసినా లేఆఫ్‌లే. పాస్టర్‌గారు పెద్దాయన ఇంటికి రెండుసార్లు వెళ్ళి మాట్లాడారట. వ్యాపారం వేరు, సంఘం వేరు అన్నాడట ఆయన.

అక్టోబరు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. అందరం వరుసలో ముందుకెళ్తాం. ఎప్పటిలాగే ముందు పెద్దాయన వెళ్ళి చేతులు చాపాడు. పాస్టర్‌గారు రొట్టె ఇవ్వలేదు. మెల్లగానే అన్నారు, కానీ ముందు వరుసలో ఉన్న నాకు వినపడింది.

"ఈరోజు వద్దు, అన్నా. ఆ తమ్ముడితో సమాధానపడి రండి."

 పెద్దాయన చేతులు ముడుచుకుని తన కుర్చీకి వెళ్ళి కూర్చున్నాడు. కీబోర్డు వాయించే అమ్మాయికి ఏమీ తెలియక వాయిస్తూనే ఉంది.

ఆరాధన అయ్యాక కార్ల దగ్గర పాస్టర్‌గారు నాతో అన్నారు, మీరు చెప్పిన బిషప్ గుర్తొచ్చాడక్కా అని. ఆ క్షణాన నాకు కలిగింది గర్వం. ఇంతకాలం నా పాఠం విని ఒక మనిషి లేచి నిలబడటం నేను చూడలేదు. ఆ గర్వం ఇంటికి చేరేదాకా ఉంది. గరాజ్ తలుపు లేస్తుంటే మా ఆయన స్టీరింగ్ మీద చేతులు తీయకుండా, "ఇప్పుడు మన గతేంటి?" అన్నాడు. అప్పుడు భయం మొదలైంది.

పెద్దాయన ఎవరినీ తిట్టలేదు. నా వల్ల సంఘంలో కలత వద్దు, నేనే తప్పుకుంటాను అని కమిటీకి రాశాడు. కమిటీలో ఐదుగురుంటే ముగ్గురు ఆయన ఉద్యోగులే. వాళ్ళు వెళ్ళి ఉండమని బతిమాలారు. అయితే సంఘమే తేల్చుకోవాలన్నాడు. మూడో ఆదివారం సభ పెట్టారు. నోటీసు టైప్ చేసి పంపింది నేనే.

సభకి ముందు గురువారం ఆయన మా ఆయనకి ఫోన్ చేశాడు. ప్రాజెక్టు గురించి మాట్లాడాడు, ఆరోగ్యం అడిగాడు. స్పీకర్ మీద ఉంది, నేను కూరగాయలు కోస్తూ వింటున్నాను. పెట్టేసేముందు అడిగాడు.

"పాపకి ట్వంటీవన్‌కి ఇంకా ఎన్నాళ్ళుంది?"

బెదిరింపు లేదు, గొంతులో నిజంగానే ఆపేక్ష ఉంది. మా ఆయన పదహారు నెలలని చెప్పాడు. ప్రార్థన చేస్తానన్నాడు పెద్దాయన.

ఫోన్ పెట్టాక మా ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నువ్వు ఏ వైపూ చెయ్యెత్తకు. అంతకంటే ఏమీ అడగను. సెక్రటరీవి కదా, లెక్కపెట్టు చాలు," అన్నాడు. నేను తలూపాను. లెక్కపెట్టేవాళ్ళు చెయ్యెత్తకూడదని ఎక్కడా రాసిలేదని ఇద్దరికీ తెలుసు.

ఆ మూడు రోజులూ ప్రార్థన చేద్దామని కూర్చుంటే మాట వచ్చేది కాదు. శుక్రవారం కాలేజీకి వెళ్ళి క్లాసు చెప్పలేక పిల్లల్ని చదువుకోమని కూర్చున్నాను. ఇంకో కంపెనీ ఏదైనా ఉందేమోనని వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. ఇక్కడా తీసేస్తున్నారు చెల్లీ, కదలకండి అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని బయట ఆడుకోమన్నారు. కమిటీ సభ్యుల్లో ఒకరైన డాక్టరుగారు లేచి, పాస్టర్‌గారి సేవ ఇక్కడ కొనసాగాలనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. పాస్టర్‌గారు, మేం అమ్మగారని పిలిచే ఆయన భార్య పక్క గోడ దగ్గర కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో బ్యాగు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

నేను ప్యాడ్ పట్టుకుని వరుసల మధ్య నడిచాను. ఆ ఇంజనీరూ, నిండు గర్భిణి అయిన భార్యా ఎత్తారు. ఇంకో రెండు జంటలు. వెనక పద్దెనిమిది దాటిన పిల్లలు ఐదుగురు, వాళ్ళలో మా అమ్మాయి. చెయ్యి నిటారుగా ఎత్తి నన్నే చూస్తోంది. తనని ఏడో అంకెగానో ఎనిమిదో అంకెగానో లెక్కపెట్టి ముందుకెళ్ళాను. కొడుకు దగ్గరికి తెనాలి నుంచి ఆర్నెల్లకోసం వచ్చిన ఒక పెద్దావిడ కూడా ఎత్తింది. అమ్మా, మీరు మెంబరు కాదు, మీది లెక్కలోకి రాదు అన్నాడు డాక్టరుగారు.

"మెంబర్ని కాదని తెలుసు బాబూ. చెయ్యి నాదేగా," అందావిడ. దించలేదు. పక్కనే ఆవిడ కొడుకు నేలచూపులు చూస్తున్నాడు.

పదకొండు. తర్వాత వద్దనేవాళ్ళని ఎత్తమన్నారు. ఒక్కసారిగా లేవలేదు. ముందు రెండు మూడు, తర్వాత పక్కవాళ్ళని చూసి పక్కవాళ్ళు. నాలుగో వరుసలో మా ఆయన చెయ్యి లేచింది. ఏ వైపూ ఎత్తవద్దని నాతో అన్న మనిషి. పెద్దాయన అప్పుడే వెనక్కి తిరిగి చూశాడు, అందుకే ఎత్తాడని నాకు తెలుసు. ఆయన్నీ లెక్కపెట్టాను. యాభై మూడు. రెండు అంకెలూ రాసి డాక్టరుగారి చేతికిచ్చాను.

 కారు హైవే ఎక్కాక అమ్మాయి అంది.

"అమ్మా, నీ ఒక చేతిలో పెన్ ఉంది. అదర్ హ్యాండ్ ఫ్రీగానే ఉంది."

నీకోసమే అన్నాను. నీ స్టేటస్ కోసం, నీ చదువు కోసం అన్నాను.

"నన్ను అడిగావా? ఆ బిషప్ స్టోరీ నువ్వే చెప్పావు. మేం నోట్స్ కూడా రాసుకున్నాం."

మా ఆయన అద్దంలో దాన్ని చూసి, నాకు భయమేసింది తల్లీ, అందుకే ఎత్తాను అన్నాడు. తండ్రిని అది నిలదీయలేదు. ఇంటికి రాగానే బ్యాగు సర్దుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఇక్కడితో ఆగి ఉంటే నా తప్పు భయం ఖాతాలోకి పోయేది. మర్నాడు పెద్దాయన ఫోన్ చేశాడు. "సిస్టర్, సభ మినిట్స్ రికార్డులో తీసేశారని ఉంటే ఆయనకి ఇండియాలో కూడా ఇబ్బంది. స్వదేశంలో సేవ చేయాలన్న కోరికతో తానే తప్పుకున్నారని రాయండి. ఆయన మంచికోసమే," అన్నాడు. సన్యాసులు తమ మఠానికి భూములు దక్కాలని రాజుల పేరుతో దొంగ శాసనాలు సృష్టించిన సంగతి నేను ప్రతి సెమిస్టరూ చెబుతాను. కాగితం చూడగానే ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు అని అడగండి అంటాను. ఆ సోమవారం కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన చెప్పిన వాక్యం చెప్పినట్టు టైప్ చేశాను. అంకెలు తీసేశాను. సంతకం పెట్టాను. పావుగంట కూడా పట్టలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం సర్దడానికి సాయం చేస్తానని పాస్టర్‌గారి ఇంటికి వెళ్ళాను. మనిషికి రెండు సూట్‌కేసులు. అమ్మగారు ఒంటి బరువు చూసుకునే మిషన్ హాల్లో పెట్టి ఒక్కొక్కటీ తూచి మూత మీద బరువు రాస్తోంది. నన్ను చూసి కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, మళ్ళీ పనిలో పడింది. నేను పిల్లల బట్టలు మడతపెట్టాను.

పాస్టర్‌గారు పుస్తకాల పెట్టెకి టేప్ వేస్తూ అడిగారు. "అక్కా, ఆ మంచులో నిలబడ్డ రాజు తర్వాత ఏమయ్యాడు? ఆ రోజు టైమ్ లేక ఆపేశారు."

చెప్పక తప్పలేదు. క్షమాపణ దొరికాక తిరిగెళ్ళి బలం కూడగట్టుకున్నాడని, కొన్నేళ్ళకి సైన్యంతో వచ్చి రోమ్ పట్టుకున్నాడని, తనకి కావలసిన మనిషిని పోప్‌గా కూర్చోబెట్టుకున్నాడని, పాత పోప్ ఊరుకాని ఊళ్ళో చనిపోయాడని చెప్పాను.

ఆయన టేప్ కత్తిరించి పెట్టె మీద చేత్తో నొక్కారు. "నేను మంచుదాకే విన్నాను," అన్నారు. "తెలిసినా అదే చేసేవాణ్ణేమో. కానీ వీళ్ళకి ముందే చెప్పి చేసేవాణ్ణి," అని భార్య వైపు చూశారు.

చెయ్యెత్తనందుకు క్షమించమని అడిగాను. ఆయన ఏదో అనబోయారు. అమ్మగారు మిషన్ మీదనుంచి సూట్‌కేసు దించి నా వైపు తిరిగింది.

"చెయ్యెత్తకపోవడం నాకు అర్థమైందక్కా. నేనైనా అంతేనేమో. ఆ కాగితం ఎందుకు రాశారు?"

అప్పుడు తెలిసింది. అల్ఫారెట్టాలో ఒక తెలుగు సంఘం ఆయన్ని తీసుకుని వీసా ఫైల్ చేద్దామనుకుందట. వివరం అడిగితే మా కమిటీ మినిట్స్ కాపీ పంపింది. ఇండియా వెళ్ళాలనుకునే మనిషిని మనమెందుకు ఆపాలని వాళ్ళు వెనక్కి తగ్గారు. అది అబద్ధమని పాస్టర్‌గారు చెబితే, రెండింటిలో ఏది నిజమో తేల్చే ఓపిక మాకు లేదన్నారట.

నేను కారులో కూర్చుని అక్కడినుంచే ఆ సంఘ పెద్దకి ఫోన్ చేశాను. ఆ మినిట్స్ తప్పు, రాసింది నేనే, అసలు జరిగింది ఇది అని మొత్తం చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. పోయిన వారమే వేరే పాస్టర్‌కి మాటిచ్చామన్నాడు. పెట్టేసే ముందు, "సంతకం మీదే కదా సిస్టర్," అన్నాడు, కోపం లేకుండానే.  మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పలేకపోయాను. మెసేజ్ పెట్టాను. అమ్మగారు చూసినట్టు గుర్తు కనపడింది, జవాబు రాలేదు.

వాళ్ళు థాంక్స్‌గివింగ్ ముందు వారం వెళ్ళిపోయారు. ఆ ఇంజనీరుకి ఉద్యోగం దొరకలేదు. బిడ్డ నెల ముందే పుట్టింది. గడువు దాటినా డాక్టర్లు ప్రయాణానికి ఒప్పుకునేదాకా ఉండి, ఆ పసిగుడ్డుతో విజయవాడ వెళ్ళారు. మినిట్స్ సరిచేయాలని నేను కమిటీకి రాశాను. పరిశీలిస్తామన్నారు. మళ్ళీ రాశాను. సెక్రటరీగా తప్పుకుంటానన్నాను, దానికి మాత్రం ఆ రోజే ఒప్పుకున్నారు.

మా ఆయన ఉద్యోగం ఉంది. అందుకని సంఘానికి వెళ్తూనే ఉన్నాం. కొత్త పాస్టర్ వచ్చేదాకా రొట్టె, ద్రాక్షరసం పెద్దాయనే అందించేవాడు. నేను వరుసలోకి వెళ్ళడం మానేసి వెనక కూర్చునేదాన్ని. ఒక ఆదివారం ఆయన పళ్ళెం పట్టుకుని నా కుర్చీ దాకా నడిచొచ్చాడు. "రండి సిస్టర్, మీరొక్కరే మిగిలారు," అన్నాడు. అందరూ తిరిగి చూస్తున్నారు. మా ఆయన మోకాలు నా మోకాలికి తగిలింది. తీసుకున్నాను. 

ఈ ఫిబ్రవరికి అమ్మాయికి ఇరవై ఒకటి నిండింది. కార్డు రాలేదు. దేనికోసమైతే చెయ్యెత్తకుండా ఉన్నానో అది రాలేదు. ఎవరి సాయమూ అడక్కుండా తనే స్టూడెంట్ వీసాకి మార్చుకుంది. వేసవికి చాండ్లర్‌లో ఒక చిప్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది. వెళ్ళే రోజు సామాను ఎక్కించడానికి నేను కిందికి దిగేసరికి డిక్కీ మూసేసి ఉంది. పండ్లముక్కల డబ్బా ఇస్తే తీసుకుంది, థాంక్స్ అంది.

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తుంది. అక్కడి ఎండ గురించి, వంట గురించి చెబుతుంది. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుతూ ఆ గొంతు వింటాను. అమ్మతో మాట్లాడతావా అని ఆయన ప్రతివారం అడుగుతాడు. తర్వాత చేస్తానంటుంది. ఆయన ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నాకేసి చూస్తాడు, నేను తలూపి మళ్ళీ పేపరు దిద్దుకుంటాను.